డాబా మీద వంట: పెనమా, బొగ్గుల పొయ్యా?

పండక్కి పిల్లలు ఇంటికొచ్చారంటే చాలు, "అమ్మా, ఈసారి వంట డాబా మీదే!" అని మొదలుపెడతారు. చలికాలం రాత్రి నలుగురూ చాప మీద కూర్చుని వేడివేడిగా తింటుంటే ఆ సరదాయే వేరు, కాదనను. కానీ దానికి ఏం కొనాలన్న దగ్గరే వస్తుంది పేచీ. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దాడు బొగ్గుల మీద కాల్చే బార్బెక్యూ కావాలంటాడు. అమ్మాయేమో టిఫిను బండి మీద ఉంటుందే, అలాంటి వెడల్పాటి దోసె ప్లేటు కొందామంటుంది. మావారు "మీ అమ్మ ఏది చెబితే అది" అని పేపరు అడ్డం పెట్టుకుంటారు.

విజయవాడలో మా ఇంటి డాబా మీద ఈ రెండూ వాడి చూశాం. ఒకసారైతే చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. మీరూ కొనాలనుకుంటూ ఉంటే ముందు ఇది చదవండి.

అసలు తేడా ఎక్కడ?

బార్బెక్యూ అనగానే ఏదో దొరల వంట అనుకుంటాం గానీ, నిప్పుల మీద కాల్చుకు తినడం మనకి కొత్తా? వంకాయ కాల్చి పచ్చడి చేయమూ? రోడ్డు పక్క మొక్కజొన్న పొత్తులు, చీకులు అన్నీ నిప్పుల మీదవేగా! మా అమ్మమ్మ దిబ్బరొట్టెకి గిన్నె కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసేది. కుంపటికి ఊచలు పెడితే అదే బార్బెక్యూ. దానికి గుండ్రటి మూత మాత్రం తర్వాత వచ్చింది. 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన గాలికీ వానకీ నిప్పు ఆరిపోతోందని, నీళ్ళలో తేలే పెద్ద ఇనుప బోయాని రెండు ముక్కలు చేసి, ఒకటి పొయ్యిగా, ఒకటి మూతగా పెట్టాడట. మూతకి చిల్లులుంటాయి. అవి తెరిస్తే మంట పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది.

బొగ్గుల పొయ్యి మీద ముక్కకి కింద నుంచి నిప్పుల సెగ తగులుతుంది. ముక్కలోని కొవ్వు, నూనె నిప్పుల మీద చుక్కలుగా పడి పొగ లేస్తుంది. ఆ పొగ మళ్ళీ ముక్కని పట్టుకుంటుంది. మన పిల్లలు లొట్టలేసే రుచి అదే. పెనం మీద అలా కాదు. ఇనుము వేడెక్కి, తగిలిన చోటల్లా ముక్క ఎర్రగా వేగుతుంది. రసం ఎక్కడికీ పోదు. పొగ వాసన మాత్రం రాదు.

ఆ కనుమ రాత్రి

రెండేళ్ళ కిందట కనుమకి మా మరిది వాళ్ళూ, ఆడపడుచు వాళ్ళూ వచ్చారు. పిల్లలు మేస్త్రీల గమేళా ఒకటి తెచ్చి, బొగ్గులు పోసి, పైన ఇనుప జాలీ పెట్టారు. బొగ్గులు రాజుకోవడానికే అరగంట పైన పట్టింది. ఎంత విసనకర్రతో విసిరినా పొగే గానీ సెగ లేదు. ఆకలి ఆగక మధ్యలోనే కోడి ముక్కలు పెట్టేశారు. పైన నల్లగా మాడాయి, లోపల పచ్చిగా ఉన్నాయి.

ఇంతలో చలిగాలి మొదలైంది. మా పెద్దాడూ, మరిదీ కలిసి ఆ గమేళాని ఎత్తి మెట్ల గదిలో పెట్టారు. గాలి కొడుతోందని తలుపు వేసేశారు. పిల్లలంతా చుట్టూ చేరి చేతులు కాచుకుంటూ కబుర్లు. నేను కింద వంటింట్లో అన్నం వారుస్తున్నాను. కాసేపటికి మా ఆడపడుచు కూతురు తల తిరుగుతోందంటూ మెట్ల మీదే కూలబడింది. భళ్ళున వాంతి. పచ్చి మాంసం తిన్నందుకే అనుకుని నిమ్మకాయ నీళ్ళు కలుపుతున్నాను. పైనున్న వాళ్ళకీ తలనొప్పే.

అప్పుడు పైకొచ్చిన అత్తయ్యగారు గది చూసి కేకలేశారు. "నిప్పులు గదిలో పెట్టుకుని తలుపేసుకుంటారుటే! బాలింత గదిలో కుంపటి పెట్టినా తలుపు ఓరగా తీసి ఉంచేవాళ్ళం!" అని తలుపు బార్లా తీసి, అందరినీ ఆరుబయటికి తోలారు. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి లేచి కూర్చుంది. ఆ రాత్రి మా ఆడపడుచు ముఖంలోకి నేను చూడలేకపోయాను.

డాక్టరుగారు చెప్పింది మీకూ చెబుతాను. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దాంతో మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉన్నా ఒంటికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, తర్వాత మగత. నిద్రలోనే ప్రాణం పోయిన వాళ్ళున్నారు. పొగ పోయి బొగ్గులు ఎర్రగా ఉన్నాయి కదా, ఇక భయం లేదనుకోవడమే మేం చేసిన తప్పు. పొగ లేకపోయినా ఆ వాయువు వస్తూనే ఉంటుంది.

పెనం సంగతి

మరుసటి ఏడు పెనం చేయించాం. ఆటోనగర్లో రేకు తూకం లెక్కన కోసి ఇచ్చారు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. సుమారు 11 కిలోలు తూగింది. రేకు పలుచనైతే మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా ఉంటుంది. అంచులు నున్నగా రాయించుకోండి, చేతులు కోసుకుంటాయి.

కొత్త పెనాన్ని బాగా తోమి, తడి లేకుండా ఆరబెట్టి, పలుచగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నల్లగా నిగనిగలాడుతుంది, అట్టు అంటుకోదు. తర్వాత సబ్బుతో గట్టిగా రుద్దకండి. వేడిగా ఉన్నప్పుడే గీకి, గుడ్డతో తుడిచి, నూనె రాసి దాచుకోండి. తడి తగిలితే తుప్పే!

మంచి గుణాలు చాలానే ఉన్నాయి. పది నిమిషాల్లో వేడెక్కుతుంది. ఒకేసారి ఐదారు చిన్న అట్లు వేయొచ్చు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, చేప ముక్క, పనీరు, గుడ్డు, ఏదీ ఊచల్లోంచి జారిపోదు. పొయ్యి కట్టేస్తే పని అయిపోయినట్టే, బూడిద ఎత్తక్కర్లేదు.

చెడు గుణాలూ చెప్పాలి. ఇంట్లో శాకాహారులుంటే ఇబ్బందే, మాంసం రసం పెనమంతా పారుతుంది. మా అత్తయ్యగారు శనివారం నీసు ముట్టరు. అందుకే ముందు అట్లు, కూరగాయలు, ఆ తర్వాత గుడ్లు, చివర్లో చేపా, కోడీ వేస్తాను. ఇక 14.2 కిలోల గ్యాసు బండ, ఇనుముతో కలిపితే దాదాపు 30 కిలోలు. డాబా ఎక్కించడం మాటలు కాదు. 5 కిలోల చిన్న సిలిండరు నయం. గాలికి మంట ఆరిపోయి గ్యాసు ఊరికే వస్తుంటుంది, కాబట్టి పొయ్యికి గాలి తగలకుండా అడ్డు పెట్టాలి. పెనం పొయ్యి కన్నా మరీ పెద్దదైతే వేడి కిందికి తన్ని మీటలు, ట్యూబు కాలిపోతాయి. అద్దం పొయ్యి మీద అసలు పెట్టకండి, పగులుతుంది. కాళ్ళున్న విడి పొయ్యి కావాలి.

ఇంకో మాట. బొగ్గుల దగ్గరైతే మగవాళ్ళు సరదాగా నిలబడతారు. పెనం అనగానే "అమ్మా, ఇంకో అట్టు!" అని మనల్నే పిలుస్తారు. మొదటిసారి అందరూ తిన్నాక నాకు మిగిలింది చల్లారిన ఉల్లిపాయ ముక్కలు! అందుకని ఒక నియమం పెట్టాను. ఎవరి అట్టు వాళ్ళే వేసుకోవాలి. అట్లకాడ చేతులు మారుతూ ఉండాలి. ఇప్పుడు మావారు కూడా అట్టు చిరక్కుండా తిప్పుతున్నారు.

మరి ఎవరికి ఏది?

విశాలమైన పెరడు ఉండి, మాంసాహారం ఇష్టపడేవాళ్ళయి, ఏడాదికి నాలుగైదు సార్లు తీరిగ్గా చేసుకునేటట్టయితే బొగ్గుల పొయ్యి బాగుంటుంది. పొగ రుచి పెనం మీద ఎంత తిప్పలు పడ్డా రాదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం బొగ్గుల జోలికి పోవద్దు. పదిమందికి త్వరగా వడ్డించాలి, పిల్లలూ పెద్దలూ రకరకాలుగా తినాలి అంటే పెనమే మేలు. పైగా మామూలు రోజుల్లో చపాతీలకీ పనికొస్తుంది. నన్నడిగితే ముందు పెనం కొనండి. బార్బెక్యూ మోజు తీరాలంటే గమేళా, జాలీ చాలు, అదీ ఆరుబయటే.

గుర్తుంచుకోండి

* బొగ్గుల మీద తెల్లటి బూడిద కమ్మాకే ముక్కలు పెట్టాలి. అందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రాజేయడానికి పెట్రోలు పోయొద్దు.

* నిప్పులున్న పొయ్యిని గదిలోకి, మెట్ల గదిలోకి, కారు షెడ్డులోకి తేవద్దు. కిటికీ తీసి ఉంచినా సరే, వద్దు. తల తిరిగితే వెంటనే ఆరుబయటికి రండి, ఆసుపత్రికి వెళ్ళండి.

* పని అయ్యాక దూరంగా నిలబడి నిప్పుల మీద కొంచెం కొంచెంగా నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. బూడిద కింద నిప్పు మర్నాటిదాకా ఉంటుంది.

* కోడి ముక్కలు చిన్నవిగా కోయండి. లోపల 74 డిగ్రీల వేడి తగలాలి. థర్మామీటరు లేకపోతే మందమైన ముక్కని కోసి చూసి, పచ్చిగా కనిపిస్తే మళ్ళీ పెట్టండి.

* మాడిన నల్లటి భాగం తీసేయండి. మాంసం మాడినప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ కలిగించాయి.

* పచ్చి మాంసం పెట్టిన పళ్ళెంలో ఉడికినది పెట్టకండి.

మొన్న కనుమకి మా ఆడపడుచు కూతురు మళ్ళీ వచ్చింది. డాబా ఎక్కగానే "అత్తా, ఈసారి నిప్పులు లేవుగా?" అని అడిగింది. "లేవే తల్లీ, పెనమే" అన్నాను. అట్లకాడ లాక్కుని మొదటి అట్టు తనే వేసింది. అది కాస్త చిరిగింది. అయినా నాకు దానంత రుచైన అట్టు ఇంకొకటి లేదు.