కుంగిన మనసుకు చికిత్స ఉంది

కుమారుని ఎడబాటును లోలోపలే దిగమింగుకున్న ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు దుఃఖంతో తెల్లబడిపోయాయని దివ్య ఖుర్ఆన్ (యూసుఫ్ సూరా, 84వ ఆయత్) తెలుపుతోంది. ఆయన ఈమాన్‌ను శంకించే సాహసం ఎవరికుంది? కాని మన ఇంట్లో ఒకరు కుంగిపోతే మాత్రం, "ఈమాన్ బలహీనపడింది" అని ఇట్టే తీర్పు చెప్పేస్తాం. రోగి గుండెపై ఇది మరో బండ.

దుఃఖమంతా వ్యాధి కాదు. కారణం తెలిసిన విచారం ఒకటి, కారణం తెలియకుండా దేహంలోనే పుట్టే విచారం మరొకటి అని ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ఏనాడో వివరించాడు. రెండవదానికి దేహ చికిత్స కూడా అవసరమన్నాడు.

దిగులు, లేదా ఇష్టమైన పనులపైనా అనాసక్తి, దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషన్ కావచ్చునని అనుమానించాలి. దానికి తోడు నిద్ర, ఆకలి తారుమారవుతాయి. ఏ పనికీ సత్తువ ఉండదు. తాను ఎందుకూ కొరగాననే భావన తొలుస్తుంది. ఫజ్ర్‌కు లేవలేకపోవడం ప్రతిసారీ బద్ధకమే కానక్కరలేదు. ముండ్లమూరు వంటి పల్లెల్లో మనసు బాధను చెప్పుకొనే అలవాటు తక్కువ. కనుక అది తలనొప్పిగా, నడుము నొప్పిగా, గుండె దడగా బయటపడుతుంది. మగవారిలో కోపంగానూ కనిపించవచ్చు. బాలింతల కన్నీళ్లను "అదే సర్దుకుంటుంది" అని వదిలేయకూడదు.

చావు మాట వినిపిస్తే రెండు వారాలు ఆగరాదు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. సేద్యపు ఇళ్లలో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉంటుంది. దాన్ని వెంటనే తొలగించండి, మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రాణాపాయమైతే 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకుపోవడంలో ఆలస్యం చేయవద్దు: ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నారనే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం భావిస్తుంది.

దుఆ చేయండి, వైద్యుణ్ణీ కలవండి. చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశమే. తావీజు కోసం తిరుగుతూ నెలలు పోగొట్టుకోవడం తగదు. ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అవసరమైతే ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లూ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు. రమజాన్‌లోనూ సొంతంగా ఆపరాదు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మోతాదు మార్చవచ్చునేమో ముందే వైద్యుణ్ణి అడగండి. ఉపవాసం వద్దని ఆయన చెబితే, రోగికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును ఇంటి పెద్దలే గుర్తుచేయాలి.