సిమెంటు బస్తాకు ముద్ర చూస్తాం... ఉద్యోగ ప్రకటనకు చూడమా?

యాంగూన్‌లో బిల్డింగ్ పనులు చూసుకునే మాలాంటి వాళ్లకు ఈమధ్య ఊరి నుంచి తరచూ ఒకే రకం ఫోన్లు. 'అన్నా, నువ్వుండేది మయన్మార్ కదా! థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ జాబంట, టెలిగ్రామ్‌లో యాడ్ వచ్చింది. టికెట్టు, రూమూ వాళ్లదేనంట. వెళ్లొచ్చా?' థాయ్‌లాండ్ ఉద్యోగం గురించి మయన్మార్‌లో ఉన్నవాణ్ణి అడుగుతున్నారంటేనే సగం అనుమానం వచ్చిందన్నమాట.

ఆ అనుమానం నిజమే. బ్యాంకాక్‌లో దిగినవాళ్లను సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మే సాట్‌కు తీసుకెళ్లి, మోయి నది దాటించి, ఇవతల మ్యావడీలోని క్యాంపుల్లో పడేస్తారు. పాస్‌పోర్టు లాక్కుని ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. 'డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్' అంటూ ఎర వేస్తున్నారని మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. అయినా 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో మే సాట్ నుంచి వెనక్కి తేవాల్సి వచ్చింది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. మ్యావడీ మాకు పక్క వీధి కాదు. సాయుధ దళాల పట్టులో ఉన్న సరిహద్దు. అక్కడ చిక్కుకున్నాక మేం వెళ్లి విడిపించుకొచ్చేది ఉండదు.

ఊళ్లో పనిచేసిన రోజుల్లో ఐఎస్ఐ ముద్ర లేని సిమెంటు బస్తాను లారీ దిగనిచ్చేవాళ్లం కాదు. ఉద్యోగ ప్రకటనకూ అలాంటి ముద్ర ఒకటుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు రిజిస్టరై ఉండాలి. ఆ లైసెన్సు నంబరు ఆఫీసులోనూ, పేపర్లో, సోషల్ మీడియాలో ఇచ్చే ప్రకటనల్లోనూ కనబడాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొడితే ఏజెంటు పేరు తెలుస్తుంది. నంబరు కాపీ కొట్టేవాళ్లూ ఉంటారు కాబట్టి అక్కడున్న చిరునామాకు వెళ్లి అడగాలి. ఏజెంటు ఫీజు 30 వేల రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. మొన్న మా మాట విని ఓ కుర్రాడు నంబరు అడిగాడు. వెంటనే గ్రూపులోంచి తీసేశారు!

ప్రకటనల నాణ్యత చూసే యాస్కీ సంస్థ 1985 నుంచీ ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల చట్టం చెబుతోంది. పేరూ ఊరూ ఉన్న కంపెనీకి ఇవి భయమే. రాత్రికి పుట్టి పొద్దున్నే మాయమయ్యే టెలిగ్రామ్ గ్రూపువాడి నోటీసు ఏ గుమ్మానికి అంటిస్తారు? అందుకే ముందు చూసుకోవాల్సింది చదివేవాడే.

మన తాతల కాలంలో ఈ ఊరు 'రంగం'. మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడ ఎక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ అతని చేతిలోనే. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను ఇక్కడ కోరంగీలనేవారు. మేస్త్రీలు మంచివాళ్లని మేం అనం గానీ, వాళ్లకు ఒక ముఖమైనా ఉండేది. ఇప్పటివాడికి ప్రొఫైల్ బొమ్మ తప్ప ఏమీ లేదు.

బ్యాంకాక్ టికెట్టు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. టూరిస్టుగా వెళ్లి అక్కడ ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. విమానం ఎక్కకముందే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో కనుక్కోండి. తెలంగాణవాళ్లకు టామ్‌కామ్, ఆంధ్రావాళ్లకు ఓంక్యాప్ ఉన్నాయి. రెండూ ప్రభుత్వ సంస్థలే.