నిండుకున్న డబ్బా

డబ్బాలో సోల అడుగుకు తగిలి చప్పుడైతే మా అమ్మమ్మ "బియ్యం నిండుకున్నాయర్రా" అనేది. అయిపోయాయన్న మాట ఆవిడ నోట రాదు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు అది విని డబ్బా పొంగిపొర్లుతోందనుకుంటే తప్పు వాళ్లది కాదు. దీపం ఆరితే కొండెక్కింది, మంగళసూత్రం తెగితే పెరిగింది. అశుభం పలకలేక, దానికి ఎదురు మాటను అరువు తెచ్చుకుంటాం. భాషాశాస్త్రంలో దీన్ని మృదూక్తి అంటారు.

ఎదురు మాటలంటే బడిలో బట్టీపట్టిన వ్యతిరేక పదాల పట్టికే గుర్తొస్తుంది. అందులో రెండు వరుసలూ సరిసమానంగా కనిపిస్తాయి. వాడుకలో తూకం అలా ఉండదు. "స్టేషన్ ఎంత దూరం?" అని అడుగుతాం. అది పక్క వీధిలోనే ఉన్నా ప్రశ్న మారదు. "ఎంత దగ్గర?" అన్నామంటే మాత్రం, దగ్గరేనని ముందే తెలిసి అడిగినట్టు. బరువెంత, లోతెంత, ఎత్తెంత అంటాం. తేలికెంత అని దూదిని కూడా అడగం. జంటలో ఒక మాట కొలత మొత్తానికీ పేరవుతుంది, రెండోది ఒక కొసకే పరిమితం.

పైగా ఈ జంటలన్నీ ఒక జాతివి కావు. వేడికీ చలవకీ నడుమ గోరువెచ్చన ఉంది. ఇలాంటి మాటల వెనక ఎప్పుడూ ఒక పోలిక దాగి ఉంటుందని భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్, ఆయన పోయాక 1944లో అచ్చైన ఒక వ్యాసంలో వివరించాడు. ఎంత పెద్ద ఎలుకైనా చిన్న ఏనుగు ముందు చిన్నదే కదా. చావుకీ బతుక్కీ నడుమ తర్కం ప్రకారం ఏమీ లేదు, "చావుబతుకుల మధ్య ఉన్నాడు" అని మనం అంటూనే ఉన్నా. ఇక అమ్మడం, కొనడం ఒకే బేరానికి రెండు వైపులు.

విచిత్రం ఏమిటంటే, ఈ ఎదురుబొదురు మాటలు ఒకదాన్నొకటి వదిలి ఉండలేవు. జాన్ జస్టిసన్, స్లావా కాట్జ్ అనే పరిశోధకులు పది లక్షల మాటల ఇంగ్లీషు పాఠాన్ని గాలించి 1991లో ఒక సంగతి తేల్చారు: వ్యతిరేక విశేషణాలు ఒకే వాక్యంలో, యాదృచ్ఛికంగా పడే అవకాశం కన్నా చాలా ఎక్కువసార్లు కలిసి వస్తాయి. తెలుగైతే వాటిని ఏకంగా అతికించేసింది. రాకపోకలు, మంచీచెడూ, రాత్రింబవళ్లు. అలా అతికాక వాటి అర్థం రెండు కొసలు కాదు, మొత్తం. పెళ్లికి చిన్నా పెద్దా వచ్చారంటే నడివయసువాళ్లు రాలేదని ఎవరూ అనుకోరు.