ఇల్లు కొనబోయే ముందు – కొన్ని న్యాయ సందేహాలు

నెల జీతంపై బ్రతికే కుటుంబం జీవితకాలంలో చేసే అతిపెద్ద కొనుగోలు ఇల్లు. మట్టికుండను సైతం వ్రేలితో తట్టి, మ్రోత విని కొనే మనం, ఇంటి విషయంలో మాత్రం "రిజిస్ట్రేషను అయిపోతుంది గదా, ఇంకేమి భయం?" అని ఊరుకుంటాము. ఆ ధైర్యానికి చట్టంలో ఎంత ఆధారమున్నదో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం. ఈ వ్యాసకర్త న్యాయవాది కాడు, పాత దస్తావేజుల భాషపై ఆసక్తి గల తెలుగు ఉపన్యాసకుడు మాత్రమే. కనుక కొనదలచినవారు తమ కాగితాలను న్యాయవాదికి చూపించుకొనుట తప్పనిసరి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరుగవలెను. బయానా ఇచ్చి వ్రాయించుకొన్న ఒప్పంద పత్రం ఇంటిపై హక్కునివ్వదు. అమ్మకందారు మాట తప్పితే దావా వేసే అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ దావాకు గడువు మూడు సంవత్సరాలు. ముఖ్తార్‌నామా, అనగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వ్రాయించుకొని ఇల్లు కొన్నామనుకొనేవారు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గమనించాలి. అట్టి పత్రంతో యాజమాన్యం చేతులు మారదని న్యాయస్థానం స్పష్టం చేసింది.

తెలంగాణలో సుపరిచితమైన మాట సాదా బైనామా. 'బై' అరబ్బీలో అమ్మకం, 'నామా' ఫారసీలో పత్రం. 'సాదా' అనగా ముద్ర లేనిదని వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి కాగితాలను క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం కల్పించిన అవకాశాలు పల్లె పొలాలకు ఉద్దేశించినవి. పట్టణంలోని ఇంటికి వాటిపై ఆశ పెట్టుకోరాదు.

సరే, రిజిస్టరే అయినదనుకుందాం. రిజిస్ట్రేషను అనేది ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి ఫలానా ఆస్తిని వ్రాసి ఇచ్చినాడనే సంగతిని నమోదు చేస్తుంది. వ్రాసి ఇచ్చినవానికి అసలు హక్కున్నదో లేదో అది తేల్చదు. తనకు లేని హక్కును ఎవడును ఇతరునికి ఈయలేడు. అందుచేత ఈ ఇల్లు అమ్మేవానికి ఎవరినుండి వచ్చినది, వారికి ఎవరినుండి వచ్చినది అని మెట్టుమెట్టుగా వెనుకకు పోవాలి. లింకు డాక్యుమెంట్లని మనవారు పిలిచేది ఈ మెట్లనే. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు కనీసం 30 సంవత్సరాలకు తీసుకొనుట ఆచారం. 1983 నుండి జరిగిన లావాదేవీలు కంప్యూటరులోనే లభిస్తాయి. అంతకు పూర్వపువాటికి పాత పుస్తకాలు వెదికించక తప్పదు. అయితే రిజిస్టరైనవే అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన దానం, కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా అందులో కానరావు. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడవలసినదే.

అన్నింటికంటె ఎక్కువ చిక్కు తెచ్చేది కనిపించని వారసులు. తండ్రి మరణించినాడు. ఇల్లు కొడుకు స్వాధీనంలో ఉన్నది, పన్ను రసీదు అతని పేర వస్తున్నది. అతడొక్కడే సంతకం చేసి అమ్మితే కొన్నవానికి దక్కేదెంత? ముస్లిం కుటుంబమైతే లెక్క చూడండి. అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని పదహారణాలనుకుందాం. మృతుని తల్లిదండ్రులు లేరు, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా రెండణాలు. మిగిలిన పద్నాలుగణాలలో కొడుకుకు ఏడు, ఒక్కొక్క కూతురుకు మూడున్నర. కొడుకు ఒక్కడు వ్రాసి ఇచ్చినది ఏడణాల ఇల్లు. పదహారణాల ధర చెల్లించి సగంకంటె తక్కువ కొన్నట్లు!

హిందూ కుటుంబాలలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితంలో కూతురుకు కొడుకుతో సమాన భాగమున్నది. ఉమ్మడి ఆస్తిలో అవివాహితలైన కూతుళ్ళకు 1985లో రాష్ట్ర సవరణ హక్కునిచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్ళందరికీ విస్తరింపజేసింది.

"అక్కచెల్లెళ్ళు ఎన్నడూ అడుగలేదండీ" అని అమ్మేవారు అంటారు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని అడుగని ఆడపడుచులెందరో! వారి మౌనం హక్కు వదలుకొన్నట్లు కాదు. వదలుకొనదలిస్తే రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి, లేదా విక్రయ దస్తావేజులో వారి సంతకాలు ఉండాలి. పన్నెండేండ్లు గడిచినవనే వాదన కూడా సులభంగా నిలువదు. ఒక వారసుని స్వాధీనం అందరి స్వాధీనంగానే చట్టం భావిస్తుంది. వారసులలో మైనర్లుంటే మరింత జాగ్రత్త కావాలి. ముస్లిం ధర్మశాస్త్రంలో తల్లి పిల్లల ఆస్తికి సంరక్షకురాలు కాదు. వారి తరఫున ఆమె చేసే అమ్మకం చెల్లదని 1918లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. జిల్లా కోర్టు నియామకము, అనుమతి పొందవలెను. హిందూ మైనరు వాటా విషయంలోనూ కోర్టు అనుమతి లేకుంటే, పిల్లవాడు పెద్దయిన తరువాత మూడేండ్లలోగా అమ్మకాన్ని రద్దు కోరవచ్చును.

హిబా, అనగా దానం, గురించి ఒక మాట. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనం అప్పగింత అనే మూడూ ఉంటే ముస్లిం దానం నోటిమాటతోనే చెల్లుతుంది. వ్రాతలో ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో మన రాష్ట్రం నుండి వెళ్ళిన హఫీజాబీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. కనుక కాగితాలు చూస్తే చాలదు, ఇంట్లో నివసిస్తున్నవారెవరో, ఏ హక్కుతో ఉన్నారో విచారించాలి.

మన పాత ఇండ్ల మూలపత్రాలు అనేకం ఉర్దూలో ఉన్నాయి. చదువరాదని వాటిని పక్కన పెట్టడం మంచిది కాదు. అవి ఫసలీ సంవత్సరాలలో ఉంటాయి. 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940 ప్రాంతం. ఇంటి నంబర్లు మారినవి. 2021లో జిల్లాల పేర్లే మారి, వరంగల్ అర్బన్ హనుమకొండ అయినది, రూరల్ వరంగల్ అయినది. పాతవానితో కొత్తదానిని పోల్చదగినవి నాలుగు వైపుల హద్దులే.

ఇక కాగితాలన్నీ నిర్దోషంగా ఉన్నా స్థలం అడ్డుపడవచ్చును. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు రిజిస్ట్రేషను చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరుతో సరిచూడాలి. ఖిలా వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి రక్షిత కట్టడాలు. 2010 సవరణ ప్రకారం వాటి రక్షిత హద్దునుండి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్లలో అనుమతి అవసరం. కోటలో పాత ఇల్లు చౌకగా వచ్చిందని కొని, పడగొట్టి మేడ కట్టాలనుకొంటే కుదరదు.

చెరువుల సంగతి ఇంకొకటి. కాకతీయుల కాలం నుండి చెరువుల ఊరు మనది. 2020 ఆగస్టు వర్షాలకు నయీంనగర్ నాలా పొంగి పరిసరాలు మునిగినప్పుడు, నీరు ఎవరి దస్తావేజూ అడుగలేదు. చెరువు నిండు మట్టపు హద్దులు నీటిపారుదల శాఖవారి వద్ద తెలుస్తాయి. అవి బయానా చెల్లించిన తరువాత కాదు, ముందే అడిగి తెలుసుకోవలసినవి.