ఏ మొక్క ఎంత నీరు తాగింది? కంప్యూటర్ తూచి చెబుతుంది

పటాన్‌చెరు: గింజ పాలుపోసుకునే వేళ బెట్ట వస్తే మెట్ట రైతుకు నోటికాడి కూడు పోయినట్లే. ఆ వేళకు నేలలో కాస్త తేమ మిగిల్చే వంగడాలను వెదకడానికి 1972లో ఏర్పడిన ఇక్కడి ఇక్రిశాట్‌లో ‘లీజీస్కాన్’ అనే ఏర్పాటు ఉన్నది.

ఆరుబయట తొట్లలో మొక్కలు, వాటి కింద ఎలక్ట్రానిక్ త్రాసులు. కంప్యూటర్ ఆజ్ఞ మేరకు లేజర్ పరికరం మొక్కల మీదుగా కదులుతూ ఆకుల విస్తీర్ణం కొలుస్తుంది. బరువు పడినప్పుడు త్రాసులోని లోహం వెంట్రుకవాసి వంగుతుంది. ఆ మార్పును చిన్న సర్క్యూట్ అంకెగా మార్చి కంప్యూటర్‌కు అందిస్తుంది. తెర మీద అది గీతగా కనబడుతుంది. నీరు పోయని వేళ తొట్టి బరువు ఎంత తగ్గితే, దాదాపు అంత నీరు మొక్క వాడుకున్నదన్నమాట.

చేత్తో అయితే ఆకులు కోసి కొలవాలి, తొట్లు ఎత్తి తూచాలి. ఈ పద్ధతిలో మొక్కకు దెబ్బ తగలదు. మిట్టమధ్యాహ్నం గాలి పొడిబారితే కొన్ని వంగడాలు ఆకు రంధ్రాలు కొంత మూసి నీరు పొదుపు చేస్తాయి. ఆ గుణం గీతలోనే తెలిసిపోతుంది.

వానలు బాగున్న ఏడు పొదుపు మొక్క కాస్త తక్కువ పెరగవచ్చు. తెర చూపేది తొట్టి సంగతే, తుది తీర్పు చేనుదే. కనుక రైతులు విత్తనం కొనేముందు అది తమ నేలకు, తమ వానకు తగినదేనా అని విచారించుకోవాలి.