ఇంటర్వ్యూకు పోయే మన పల్లె మిత్రులకు

"ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది" అనగానే మన హాస్టల్లో సగం మందికి అన్నం దిగదు. రాతపరీక్షలో ఎవరికీ తీసిపోని మార్కులు తెచ్చుకున్నవాడు కూడా ఆ కాగితం చేతికి రాగానే ముఖం వేలాడేస్తాడు. నాది పెద్దకడుబూరు మండలం. మా వైపునుంచి ఈ కాలేజీకి వచ్చిన వాళ్లలో చాలామంది తమ ఇంటికి మొదటి డిగ్రీవాళ్లు. ఇంటర్వ్యూ అంటే ఎట్లుంటుందో అడుగుదామంటే ఇంట్లో చూసినవాడు ఉండడు. నేను స్వయంగా పోయినవీ, మా వూరి తమ్ముళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని తయారుచేసి పంపినవీ కలిపి కొన్ని సంగతులు పోగయ్యాయి. అవి ఈ సంచికలో పెడితే నలుగురికీ పనికివస్తాయని రాస్తున్నాను.

అసలు మీరు కోరే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందో లేదో ముందు కనుక్కోండి. లేని దానికి భయపడేవాళ్లను నేను చాలామందిని చూశాను. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి ఉద్యోగాలకూ, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకూ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేశారు. మన రాష్ట్రంలో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు లక్షకు పైగా రాతపరీక్ష మీదనే నింపారు. డి.ఎస్.సి. టీచరుకు లేదు, కానిస్టేబులుకు లేదు. ఉన్నవి ఏవంటే సివిల్ సర్వీసులు, గ్రూప్-1, బ్యాంకు ఆఫీసర్లు, ప్రైవేటు కంపెనీలు, ప్రైవేటు స్కూళ్లు.

ఉన్నచోట కూడా దాని బరువెంతో లెక్కవేసి చూడండి. గ్రూప్-1లో మెయిన్స్ 750 మార్కులు, ఇంటర్వ్యూ 75. సివిల్స్‌లో రాత 1750, ఇంటర్వ్యూ 275. ఐ.బి.పి.ఎస్. ఆఫీసరు ఎంపికలో రాతకు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20. ఈ లెక్క ఊరికే రాలేదు. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల కేసులో, రెండు మూడు నిమిషాలు ఏదో అడిగి మూడోవంతు మార్కులు చేతిలో పెట్టుకోవడం అన్యాయమని, నోటి పరీక్షకు నూటికి 15 మించరాదని సుప్రీంకోర్టు అన్నది. అజయ్ హసియా కేసు అంటారు దాన్ని. తర్వాత 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో, ఉద్యోగాల ఎంపికకు ఆ హద్దును 12.2 శాతానికి దించింది. అంటే ఆ గదిలోకి అడుగుపెట్టేటప్పటికే మీ పని చాలావరకు మీ చేతిరాత చేసిపెట్టి ఉంటుంది. ప్రైవేటు కంపెనీకి ఈ హద్దులు వర్తించవు, అక్కడ మాటే ముఖ్యం. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక అందరినీ కుదిపే ప్రశ్న ఒకటుంది. "మీ గురించి చెప్పండి. మీ నాన్నగారు ఏం చేస్తారు?"

మనవాళ్లు ఇక్కడే తలవంచుతారు. మా వూళ్లలో వానలు మొగం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో సుగ్గికి పోవడం మీకు తెలియంది కాదు. గుంటూరు మిరపకోతలకు పోతారు, కొందరు బెంగుళూరులో కట్టడం పనికి పోతారు. ఆ సంగతి ఆఫీసర్ల ముందర చెప్తే చులకనైపోతామని మనకు బెదురు. మా వూరి తమ్ముడొకణ్ణి బ్యాంకు ఇంటర్వ్యూకు తయారుచేస్తూ ఈ ప్రశ్న వేస్తే, "వ్యవసాయం సార్" అని నేల చూశాడు. "ఏమప్పా, నిజం చెప్పు, మీ నాయన యాడికి పోతాడు?" అన్నాను. "సుగ్గికి పోతాడన్నా. నేనూ పోయేటోణ్ణి, సెలవుల్లో." "పోయి ఏం చేస్తుంటివి?" "కాయ కోసేది. మళ్ల మా ముఠాకు లెక్కలు నేనే రాసేటోణ్ణి. ముప్పై మంది. ఎవరు ఎన్ని దినాలు వచ్చిరి, ఎవరికి అడ్వాన్సు ఎంత, బియ్యానికి ఎంత పట్టుకోవల్ల, అంతా."

వాడు "నాకు అనుభవం లేదు" అని వారం దినాలుగా ఏడుస్తున్నాడు! ముప్పై మంది కూలి డబ్బు తగాదా రాకుండా పంచినవాడికి అనుభవం లేకపోతే ఇంకెవరికుంటుంది? గ్రామీణ బ్యాంకు ఆఫీసరు చెయ్యవలసింది సగం అదే పని. అప్పు అడిగే మనిషి ఏ నెలలో ఊళ్లో ఉంటాడో, ఏ నెలలో ఉండడో, వాయిదా ఎప్పుడు కట్టగలడో వాడికి తెలిసినట్లు పట్నం పిల్లవాడికి తెలుస్తుందా? ఆ మాటే బోర్డు ముందర చెప్పమన్నాను. చెప్పాడు. తక్కిన ప్రశ్నలన్నీ దాని చుట్టే తిరిగాయట.

అందుచేత ఒక తెల్లకాగితం తీసుకుని, మీరు చేసిన పనులన్నీ రాయండి. అవ్వ పొదుపు సంఘం పుస్తకం రాసిపెట్టడం, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకం దగ్గర నిలబడి చీటీ సరిచూసుకోవడం, ఎన్.ఎస్.ఎస్. క్యాంపు, ఎమ్మిగనూరులో మామ మగ్గం దగ్గర కండెలు చుట్టడం. ఒక్కొక్క దానికి మూడు ముక్కలు సిద్ధం చేసుకోండి: అప్పుడు ఇబ్బంది ఏమిటి, నేను చేసింది ఏమిటి, చివరకు ఏమైంది. "నేను బాగా కష్టపడతాను, నలుగురితో కలిసిపోతాను" అనే మాటలు గైడు పుస్తకంలో అందరూ చదివినవే. అవి వింటూ బోర్డువారు ఆవలిస్తారు.

ఊరి గురించి కూడా అడుగుతారు. కర్నూలు 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది, మనం కర్నూలులోనే ఉండిపోయాము. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పారు. ఇవి తెలిసి ఉంటే చాలదు, తుంగభద్ర దిగువ కాలువ పక్కనే పోతుంటే మన మండలాల్లో వలస ఎందుకున్నదని అడిగితే రెండు మాటలు చెప్పగలగాలి. ఆదోని జిల్లా కావాలా అని అడిగితే అవునన్నా కాదన్నా ఫరవాలేదు, కారణం కావాలి.

భాష. మన యాసకు నవ్వుతారేమోనని కొందరు నోరే విప్పరు. సివిల్స్ ఇంటర్వ్యూ తెలుగులో ఇచ్చే వీలుంది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణగారు తెలుగులోనే పరీక్ష రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2016 సివిల్స్‌లో దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. ప్రైవేటు కంపెనీలో మాత్రం ఇంగ్లీషు తప్పదు. దానికి వ్యాకరణం పుస్తకం బట్టీపడితే లాభం లేదు. రోజూ పది నిమిషాలు మిద్దె మీద నిలబడి, పైకి వినబడేటట్లు, చిన్న చిన్న వాక్యాలు మాట్లాడాలి. మనసులో అనుకున్న జవాబు వేరు, నోట్లోంచి వచ్చే జవాబు వేరు. ఈ తేడా మొదటిసారి ఇంటర్వ్యూ గదిలోనే తెలిస్తే ప్రమాదం.

గుండె దడ గురించి కొంచెం చెప్పాలి. నోరు ఎండిపోవడం, అరచేతులు తడవడం, గొంతు వణకడం, ఇవన్నీ ఒంట్లో ఎడ్రినలిన్ ఊరడం వల్ల వచ్చేవి. కబడ్డీ కోర్టులో కూతకు పోయే ముందర వచ్చేదీ అదే. 2014లో హార్వర్డులో ఏలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆమె చేసిన ప్రయోగాల్లో, ఉపన్యాసానికి ముందు "నేను శాంతంగా ఉన్నాను" అనుకున్న వాళ్లకంటే "నాకు హుషారుగా ఉంది" అనుకున్న వాళ్లు బాగా మాట్లాడారు. దడను అణచబోతే అది ఇంకా పైకి లేస్తుంది, దానికి పేరు మార్చడం సులభం. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు పీల్చిన దానికంటే నిదానంగా ఊపిరి వదలండి, ఐదారుసార్లు చాలు. పక్కన కూర్చున్నవాడు "నిన్న ఏమేమి అడిగారంటే..." అని మొదలుపెడితే మాత్రం లేచి నీళ్లకు పోండి.

తెలియని ప్రశ్న వస్తుంది, రాకుండా ఉండదు. "తెలియదు సార్" అని స్పష్టంగా అని ఊరుకోవడం మర్యాద. గొణుగుతూ ఊహించి చెప్తే రెండో ప్రశ్న దాని మీదే పడుతుంది. ఎడిసన్ మహాశయుడు 1921లో తన దగ్గర ఉద్యోగానికి వచ్చిన పట్టభద్రులకు వందకు పైగా ప్రశ్నలు ఇచ్చి, చాలామందిని వెనక్కి పంపేవాడట. ఆ జాబితా పత్రికల్లోకి ఎక్కి పెద్ద గోలైంది. అన్నీ తెలిసినవాడు ఆ కాలంలోనూ లేడు.

కంపెనీల్లో జీతం ఎంత కావాలని అడుగుతారు. ఆ ఊళ్లో గది అద్దె, భోజనం, ఇంటికి పంపవలసింది ముందే లెక్క వేసుకుని పోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకుంటామనే చోటా, ఉద్యోగం ఇస్తాము ముందు డిపాజిట్ కట్టమనే చోటా ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు. ఒక సంస్థలో నన్నూ అడిగారు, లేచి వచ్చాను. వీడియోలో జరిగేదయితే ఊళ్లో సిగ్నలునూ కరెంటునూ నమ్మకుండా ముందురోజే ఆదోనికో ఎమ్మిగనూరుకో వచ్చి, స్నేహితుని గదిలో కూర్చోవడం మేలు.

పదో తరగతి నుంచి అన్ని ఒరిజినల్సు, కులం, నివాసం పత్రాలు, రెండు సెట్ల జిరాక్సు, పిలుపు కాగితం మీద ఉన్న వరుసలోనే ఫైలులో పెట్టుకోండి. చొక్కా కొత్తది అక్కరలేదు, ఉతికి ఇస్త్రీ చేసినది చాలు. కొత్త చెప్పులు ఆరోజే వేసుకోవద్దు, కరుస్తాయి. మొదటి బస్సు నమ్ముకోకుండా ముందు రాత్రికే ఆ ఊరు చేరండి. పొద్దున ఉగ్గాని తింటారో ఇడ్లీ తింటారో మీ ఇష్టం, కడుపు ఖాళీగా మాత్రం పోవద్దు.

ప్రతి ఆదివారం సాయంత్రం మా హాస్టల్ మిద్దె మీద ముగ్గురం బోర్డుగా కూర్చుంటున్నాము. ఈ నెలలో పిలుపు వచ్చినవాళ్లు ఫైలుతో సహా వస్తే ఒక్కొక్కరిని ఇరవై నిమిషాలు అడుగుతాము. అమ్మాయిలకోసం లైబ్రరీ వెనక గదిలో శనివారం పెట్టుకోవడానికి అనుమతి అడిగాము, రాగానే నోటీసు బోర్డులో వేస్తాము.