దర్శకుని కుర్చీకి దారి

ఇల్లెందు నుండి కొత్తగూడెము పోవు దారిలో నున్న టేకులపల్లిలోను, ఆ చుట్టుపట్ల కోయ గూడెములలోను, లంబాడీ తండాలలోను సినిమా చూడని వారు నేడు అరుదు. అడవియు, కొండయు, గూడెమును తెరమీదికి వచ్చుట కూడ క్రొత్త సంగతి కాదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రములో మన్యము కనిపించినది. 2022లో రాజమౌళి తీసిన ‘ఆర్‌.ఆర్‌.ఆర్‌.’ చిత్రము వలన గోండు వీరుడు కొమరం భీము పేరు దేశదేశముల ప్రేక్షకులు వినిరి. అయితే ఆ అడవిలోనే పుట్టి పెరిగినవారు కెమెరా వెనుక నిలిచి, “ఈ దృశ్యము ఇట్లు కాదు, మా యింట ఇట్లుండును” అని నిర్ణయించిన తెలుగు చిత్రములు ఎన్ని? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఎక్కువసేపు పట్టదు.

దర్శకుడనగా కథ చెప్పువాడు మాత్రమే కాడు. ఏ నటి ఎక్కడ నిలువవలెను, ఏ మాట ఉంచవలెను, ఏది తీసివేయవలెను, గూడెములోని ముసలమ్మను నవ్వు పుట్టించుటకు చూపవలెనా, గౌరవముగా చూపవలెనా – ఇవన్నియు అతని నిర్ణయములే. అతని చేతిలో నూరుగురి శ్రమయు, ఒకరి పెట్టుబడియు ఉండును. అందుచేత పెట్టుబడి పెట్టువాడు మొట్టమొదట అడుగు మాట, “ఇంతకు ముందు ఏమి తీసితివి?” అని. ఏమియు తీయనివానికి చిత్రము ఇయ్యరు. చిత్రము ఇయ్యనిదే అతడు తీయలేడు. ఈ ముడి అందరికిని ఉన్నదే. కాని బంధువులో, పరిచయస్థులో లోపల ఉన్నవారికి అది త్వరగా విడిపోవును. లోపల ఎవ్వరును లేనివారికి తరములు గడిచినను విడదు.

అమెరికాలోని ఆఫ్రికన్‌ అమెరికనుల చరిత్రలో ఈ ముడి స్పష్టముగా కనిపించును. ఆస్కార్‌ మిషో అను ఆయన దక్షిణ డకోటాలో సేద్యము చేసి, నవలలు వ్రాసి, తనకు తెలిసిన రైతులకు వాటాలు అమ్మి, ఆ సొమ్ముతో 1919లో ‘ది హోమ్‌స్టెడర్‌’ అను చిత్రమును తీసెను. అటుపై నలుబదికి మించి చిత్రములు తీసినను, హాలీవుడ్‌లోని పెద్ద స్టూడియో ఏదియు ఆయనను పిలువలేదు. పెద్ద స్టూడియో ఒక నల్లజాతి దర్శకునకు చిత్రము అప్పగించినది 1969లో. వార్నర్‌ బ్రదర్సు వారికి ‘ది లెర్నింగ్‌ ట్రీ’ తీసిన గార్డన్‌ పార్క్స్‌ అప్పటికే ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధుడు. కథయు ఆయన నవలయే. మిషో మొదటి చిత్రమునకును దీనికిని నడుమ సరిగా యాబది సంవత్సరములు. ఆ యాబదేండ్లలో తెరమీద పాడిన నల్లవారు ఉన్నారు, ఆడినవారు ఉన్నారు, సేవకుల వేషములు వేసినవారు కోకొల్లలు. తెర వెనుక ఆజ్ఞ యిచ్చు స్థానము మాత్రము ఖాళీగా లేదనిరి. 1991లో ‘బాయ్జ్‌ ఎన్‌ ద హుడ్‌’ తీసిన జాన్‌ సింగిల్టన్‌ ఉత్తమ దర్శకుని ఆస్కారునకు పరిశీలనలోనికి వచ్చిన తొలి నల్లజాతి దర్శకుడు. 2025 వరకు జరిగిన ఉత్సవములలో ఆ బహుమానము నల్లజాతివారిలో ఒక్కరికిని దక్కలేదు.

మన తెలుగువారిలో ఈ తలుపు తట్టినవారి కథ తెలియవలెనన్న, ముందుగా స్త్రీల కథను చూడవలెను. 1953లో భానుమతీ రామకృష్ణ ‘చండీరాణి’ చిత్రమును తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను తీసిరి. నాయిక ఆమెయే, దర్శకురాలును ఆమెయే. అసాధారణమైన ప్రతిభ, అందులో సందేహము లేదు. అయినను ఒక్క మాట గమనింపవలెను: భరణీ సంస్థ ఆమెది, ఆమె భర్తది. అనుమతి అడుగవలసిన పరాయి గుమ్మము లేదు. మిషో వాటాలమ్మి సంపాదించిన స్వాతంత్ర్యమును భానుమతి సొంత సంస్థ వలన పొందిరి.

సావిత్రి సంగతి మరింత ఆలోచింపదగినది. 1968లో ఆమె ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించిరి. సంగీతము పి. లీల సమకూర్చిరి, ముఖ్యమైన శాఖలు పెక్కింటిని స్త్రీలే నిర్వహించిరి. సాహసమనిన అది. తరువాత ఆమె మరికొన్ని చిత్రములు తీసిరి. వానిలో ‘మూగమనసులు’ కథతో 1971లో తమిళమున తీసిన ‘ప్రాప్తం’ విఫలమై ఆమెకు పెద్ద నష్టము తెచ్చినది. చిత్రము ఆడకపోవుట పురుష దర్శకులకు నిత్యానుభవమే. వారికి మరునాడు మరియొక నిర్మాత దొరకును. సొంత సొమ్ము పెట్టినవారికి ఆ మరునాడు ఉండదు. మా దృష్టిలో అవకాశమునకు నిజమైన కొలత మొదటి చిత్రము కాదు, ఓటమి పిదప దొరకు చిత్రము.

విజయనిర్మల ఈ కొలతకు నిలిచినారు. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవలతో ‘మీనా’ తీసిన ఆమె మొత్తము 44 చిత్రములకు దర్శకత్వము వహించి, 2002లో గిన్నిస్‌ గ్రంథమునకు ఎక్కిరి. స్త్రీ దర్శకత్వమును శంకించువారికి ఇంతకన్న జవాబు ఏమి కావలెను? అయినను ఆమె వెనుక వెంటనే ఒక వరుస ఏర్పడలేదు. ఏ తారాప్రఖ్యాతియు, ఏ సొంత సంస్థయు లేక సహాయ దర్శకత్వపు మెట్లెక్కి వచ్చినవారిలో నందినీరెడ్డి ఒకరు. ఆమె ‘లిటిల్‌ సోల్జర్స్‌’ చిత్రమునకు 1996 ప్రాంతమున సహాయకురాలు. ‘అలా మొదలైంది’ 2011లో వచ్చినది. నడుమ పదునైదేండ్లు!

ఇక కులముచేత, తెగచేత వెలుపల నిలిచినవారి మాట. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మము, చలము కథతో ‘మాలపిల్ల’ తీసి అంటరానితనమును ఎదిరించిరి. ఆ చిత్రము చేసిన మేలు చిన్నది కాదు. కాని అందులో మాలపల్లిని గూర్చి చెప్పినవారు ఆ పల్లెవారు కారు. పల్లెవారే చెప్పినపుడు ఏమి మారునో పొరుగు రాష్ట్రములలో చూచితిమి: మహారాష్ట్రలో నాగరాజ్‌ మంజుళే ‘ఫండ్రీ’ (2013), ‘సైరాట్‌’ (2016), తమిళనాట పా. రంజిత్‌ ‘మద్రాస్‌’ (2014). రంజిత్‌ తాను లోపలికి పోయి తలుపు వేసికొనలేదు. తన నీలమ్‌ సంస్థ ద్వారా 2018లో మారి సెల్వరాజ్‌ చేత ‘పరియేరుం పెరుమాళ్‌’ అను తొలి చిత్రమును తీయించెను. అమెరికాలో ఏవా డువెర్నే చేసినదియు ఇట్టిదే. 2016 నుండి 2022 వరకు ఏడు సీజనులు నడచిన ‘క్వీన్‌ షుగర్‌’ అను టెలివిజన్‌ ధారావాహికకు ఆమె కేవలము స్త్రీలనే దర్శకులుగా నియమించెను. టెలివిజనులో ఒక సౌకర్యము కలదు. చిత్రమొకటి అనిన కోట్ల పందెము. ధారావాహికలో ఒక్క భాగము అప్పగించిన చాలును. ఆ భాగము తీసినవారికి మరునాడు “ఏమి తీసితివి?” అను ప్రశ్నకు చూపుటకు ఒక వస్తువుండును. మన తెలుగు ఛానెళ్ళలో దినదినము ధారావాహికలు నడచుచున్నవి గదా. ఈ పద్ధతి ఇక్కడ ఎందులకు సాగరాదు?

ప్రభుత్వము చేయగలిగినదానికి కేరళ ఉదాహరణము. అక్కడి రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ మొదట స్త్రీ దర్శకులకు, పిదప షెడ్యూల్డు కులముల, తెగల దర్శకులకు చిత్రమొకటికి కోటిన్నర రూపాయల వరకు ఇచ్చు పథకము పెట్టెను. ‘నిషిద్ధో’, ‘బి 32 ముతల్‌ 44 వరె’ వంటి చిత్రములు అట్లు వచ్చినవే. 2025 ఆగస్టులో తిరువనంతపురమున జరిగిన చలనచిత్ర విధాన సదస్సులో ప్రసిద్ధ దర్శకుడు అడూర్‌ గోపాలకృష్ణన్‌ ఇంత సొమ్ము ఒకరికి వలదనియు, ముగ్గురికి పంచవచ్చుననియు, ముందుగా వారికి శిక్షణ ఇయ్యవలెననియు అనిరి. సభలోనే అభ్యంతరము వినవచ్చినది. శిక్షణ మంచిదే. కాని కోటీశ్వరుని కుమారుడు తొలి చిత్రము తీయునపుడు శిక్షణ పొందినావా అని ఏ సదస్సులోను ఎవరును అడిగినట్లు మేము వినలేదు.

టేకులపల్లి యువకునికి గాని, యువతికి గాని ఎదురగు మొదటి అడ్డంకి ఇంతకన్న చిన్నది, ఇంతకన్న కఠినమైనది. సహాయ దర్శకత్వమునకు హైదరాబాదులో ఉండవలెను. కృష్ణానగరులో గది అద్దె నెలనెలకు కట్టవలెను. జీతము మాత్రము నెలనెల వచ్చునను నమ్మకము లేదు. ఇంటినుండి సొమ్ము వచ్చువారు మూడేండ్లు, అయిదేండ్లు నిలుతురు. పోడు సేద్యము మీద బ్రతుకు ఇంటినుండి ఏమి వచ్చును? వారు ఆరు మాసములకే తిరుగు బస్సు ఎక్కుదురు. వారికి ప్రతిభ లేదని వెనుక నున్నవారు తీర్మానించుకొందురు. సహాయ దర్శకులకు క్రమమైన నెలజీతము ఒక్కటి ఏర్పడినను, ఆ బస్సు ఎక్కువారిలో కొందరు ఆగుదురు.